బసంత్‌నగర్‌లో ఇంగ్లీషు చదువు

కరీంనగర్ నుండి గోదావరిఖని పోయే బస్సెక్కి "బసంత్‌నగర్ ఒకటి" అని టిక్కెట్టు తీసుకున్నాను. పక్క సీటులోని పెద్దమనిషి "సిమెంటు ఫ్యాక్టరీల పనా సారూ?" అని అడిగాడు. కాదన్నాను. "మరి బొగ్గుబాయిల చుట్టాలా?" అన్నాడు. అవునన్నాను. ఇంగ్లీషు చెప్పడానికి పోతున్నానని మాత్రం చెప్పలేదు. ఆ మాట నాకే నమ్మశక్యంగా లేదు మరి.

నేను తెలుగు లెక్చరరును. ఇరవై సంవత్సరాలుగా పిల్లలకు పద్యాల ప్రతిపదార్థాలూ, సంధులూ, సమాసాలూ చెప్పి జీతం పుచ్చుకుంటున్నవాణ్ణి. మా అక్క ఫోను చేసి, "తమ్మీ, నీ మేనకోడలు ఇంగ్లీషు పరీక్షకు చదువుతున్నది. ఒకసారి రాసి తప్పింది. దసరా సెలవులే గద, వచ్చి నాలుగు దినాలుండి చెప్పు" అన్నది. "అక్కా, నేను తెలుగు సారును" అన్నాను. "ఏ సారైతేంది? చదువు చదువే గద!" అన్నది. కంసాలిని పిలిచి కుండలు చెయ్యమన్నట్లుంది. అయినా అక్కగారి ఆజ్ఞ. సంచి సర్దుకుని బయలుదేరాను.

రాజీవ్ రహదారి మీద బస్సు సుల్తానాబాదు రైసుమిల్లులు దాటి, పెద్దపల్లి దాటి, ఇంకొంత దూరం పోయేసరికి గాలిలో తేడా తెలుస్తుంది. రోడ్డుపక్క చెట్ల ఆకులు పచ్చదనం మీద సన్నని బూడిదరంగు ముసుగు వేసుకుంటాయి. టోల్‌గేటు దగ్గర లారీలు బారులు తీరి ఉంటాయి. దూరంగా ఫ్యాక్టరీ గోపురాలు కనబడతాయి. అదే బసంత్‌నగర్.

ఇది పాతకాలపు ఊరు కాదు. కోటగోడలు లేవు, స్థలపురాణం లేదు. నేలలో సున్నపురాయి ఉన్నది. పక్కనే సింగరేణి బొగ్గు ఉన్నది. ఈ రెండూ ఇంత దగ్గరగా దొరికే చోట సిమెంటు ఫ్యాక్టరీ పెట్టకుండా ఎవరూరుకుంటారు? 1969లో ఇక్కడ కేశోరాం సిమెంటు కర్మాగారం వెలిసింది. బసంత్ కుమార్ బిర్లా గారి పేరు మీద ఈ ఊరు బసంత్‌నగర్ అయిందని చెప్తారు. రాయిని పొడిచేసి, 1,450 డిగ్రీల వేడిమి గల కొలిమిలో కాలిస్తే క్లింకరనే నల్లని గుళ్ళు తయారవుతాయి. వాటికి కాస్త జిప్సం చేర్చి మెత్తగా విసిరితే సిమెంటు. ఎందరి ఇళ్ళకో గోడలైన సిమెంటు ఈ ఊరిది. 2025లో ఈ సిమెంటు వ్యాపారం అల్ట్రాటెక్‌లో కలిసింది గాని, ఊరివాళ్ళ నోట మాత్రం ఇప్పటికీ "కేశోరాం"అనే మాటే నలుగుతున్నది. బోర్డులు మారినంత త్వరగా నాలుకలు మారవు గదా!

మా బావ సిమెంటు మనిషి కాడు, బొగ్గు మనిషి. గోదావరిఖనిలో బాయి పని. ఇల్లు మాత్రం ఇక్కడ కట్టుకున్నాడు. 1988లో బదిలీ ఫిల్లరుగా తట్టా చెమ్మసు పట్టి బాయిలోకి దిగినవాడు, గ్యాసు పరీక్ష, ప్రథమచికిత్స పరీక్ష, ఆ తరువాత మైనింగ్ సర్దారు పరీక్ష ప్యాసై, ఇప్పుడొక జట్టు మనుషుల ప్రాణాలకు జవాబుదారీగా ఉన్నాడు. సింగరేణిలో ఉద్యోగ విరమణ వయస్సును 2021లో 61కి పెంచారు. ఆ లెక్కన బావకింకా రెండేళ్ళ సర్వీసున్నది.

ఆ రెండేళ్ళ తరువాత వచ్చే డబ్బు మీదనే మా మేనకోడలి చదువు ఆధారపడి ఉన్నది. పిల్ల సెంటినరీ కాలనీలోని మంథని జేఎన్‌టీయూ కాలేజీలో మైనింగ్ ఇంజనీరింగ్ చదివింది. ఇక పై చదువుకు ఆస్ట్రేలియా పోతానంటున్నది. పశ్చిమ ఆస్ట్రేలియాలో కాల్గూర్లీ అనే బంగారుగనుల ఊరున్నది. 1893లో అక్కడ బంగారం కనబడింది. 1902లో ఆ ప్రాంతంలో మొదలైన గనుల కళాశాల తరువాత కాల్గూర్లీకే చేరి ఇప్పటికీ నడుస్తున్నది. ఒక గనుల ఊరి పిల్ల మరో గనుల ఊరికి పోవాలనుకోవడంలో వింతేమీ లేదు. కాని మధ్యలో సముద్రం కంటే ముందు ఈ పరీక్ష ఉన్నది.

దాని పేరు ఐఈఎల్‌టీఎస్. పిల్లలు నోరు తిరిగేలా "ఐల్ట్స్" అంటారు. 1989 నుండి ఈ పేరుతో నడుస్తున్నది. ఇందులో నాలుగు భాగాలు. వినడం అరగంట, 40 ప్రశ్నలు. చదవడం గంట, అవీ 40 ప్రశ్నలే. రాయడం గంట, ఒకటి 150 మాటలకు తగ్గకుండా, రెండవది 250 మాటలకు తగ్గకుండా. చివరిది మాట్లాడడం, ఎదురుగా పరీక్షాధికారి కూర్చుని 11 నుండి 14 నిమిషాలు మాట్లాడిస్తాడు. ఫెయిలు, ప్యాసు అనేవి లేవు. ఒకటి నుండి తొమ్మిది వరకు మెట్లు, మధ్యలో అరమెట్లు. పిల్ల దరఖాస్తు పెట్టుకున్న చోట మొత్తం మీద 6.5 రావాలి, ఏ భాగంలోనూ 6 తగ్గకూడదు.

మొదటిసారి వినడంలో 7, చదవడంలో 6.5, రాయడంలో 6 వచ్చాయి. మాట్లాడడంలో 5.5. సరాసరి 6.25. ఈ పరీక్షవాళ్ళ లెక్కలో పావు వస్తే పై అరకు పెంచుతారు కనుక మొత్తం మీద 6.5 అయింది. అయినా లాభం లేకపోయింది. అరమెట్టు దగ్గర బండి ఆగింది. పరీక్ష ఫీజు పదిహేడు, పద్దెనిమిది వేల రూపాయలు. హైదరాబాదు రానుపోను ఖర్చు వేరే.

"బాయిల ఒక్క అడుగు తక్కువైతేనేమాయె అననీకి లేదు. ఇదీ అట్లనే ఉన్నట్టుంది" అన్నాడు బావ. కోపం లేదు ఆ మాటలో. కాని పక్కనే అక్క మొహం చూశాను. ఏదో లెక్క వేసుకుంటున్నట్లుంది.

ఆ సాయంకాలమే చదువు మొదలుపెట్టాము. ముందు నన్నొక నమూనా పరీక్షకు కూర్చోబెట్టింది మా శిష్యురాలు. చెవులకు హెడ్‌ఫోను తగిలించింది. ఎవరో దొర ఎవరో దొరసానికి గ్రంథాలయంలో చేరే విధానం చెప్తున్నాడు. అతడు ఫోను నంబరు చెప్పి, వెంటనే కాదు కాదని మార్చి చెప్పాడు. నేను మొదటిదే రాశాను. నాకు 40కి 13 వచ్చాయి. పిల్ల నవ్వు ఆపుకోలేక లోపలికి పరుగెత్తింది. పాఠకులు కూడా నవ్వవచ్చును, నాకభ్యంతరం లేదు.

నవ్వు చల్లారిన తరువాత పిల్లను మాట్లాడడం భాగం చేసి చూపమన్నాను. అందులో ఒక చీటీ ఇస్తారు. దాని మీద ఒక విషయముంటుంది. ఒక నిమిషం ఆలోచించుకుని రెండు నిమిషాల దాకా మాట్లాడాలి. మొదటిసారి తనకు వచ్చిన చీటీ "మీకు బాగా తెలిసిన ఒక స్థలం గురించి చెప్పండి" అన్నదట.

"ఏం చెప్పినవ్ బిడ్డా?"

"చార్మినారు గురించి, మామయ్యా."

"చార్మినారా? నువ్వు చార్మినారుకెన్నిసార్లు పోయినవ్?"

"ఒక్కసారి. ఆరో తరగతిల, ఎక్స్‌కర్షన్‌కు. కోచింగుల ముప్పై చీటీలకు ముప్పై జవాబులు రాయించిన్రు. స్థలమంటే చార్మినారే."

ఆ జవాబు వినిపించింది. గడగడ ఒప్పజెప్పింది. పెద్ద పెద్ద మాటలు. ఒక్క తప్పు లేదు. ఏదో ఊరేగింపు మా ముందు నుండి పోయినట్లయింది.

అంతలో మొదటి షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి, మంచం మీద కూర్చుని చాయ తాగుతున్న బావ తల ఊపి, "అది డొల్ల కొడుతున్నది" అన్నాడు.

బావకు ఇంగ్లీషు రాదు. ఆ ఉపన్యాసంలో చార్మినారన్న మాట తప్ప ఆయనకు అర్థమై ఉండదు. "ఎట్ల తెలిసింది బావా?" అని అడిగాను.

"బాయిల పనికి పోంగనే సర్దారు ముందుగాల ఏం జేస్తడు? కట్టెతోని రూఫు తట్టుతడు. చూడనీకి గట్టి బండ, వదులు బండ ఒక్క తీర్గనే ఉంటయి బామ్మర్దీ. లైటు గొట్టి చూసినా తెల్వది. తట్టితెనే తెలుస్తది. గట్టిదైతే గంట లెక్క ఖంగుమంటది. లోపల పగులుంటె బొదబొదమంటది. రెండో చెయ్యి బండకు ఆనిచ్చి తట్టితె అదురు గూడ తెలుస్తది. గా అదురున్న రూఫు కింద మనిషిని నిలవెట్టొద్దు." ఒక గుక్క చాయ తాగి, "పోరి మాటల అదురున్నది" అన్నాడు.

పిల్ల మొహం చిన్నబోయింది. కాని కొంతసేపటికి తనే చెప్పింది. చార్మినారు ఉపన్యాసం కాగానే ఆ పరీక్షాధికారి మర్యాదగా నవ్వి, "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఆ స్థలమంటే ఇష్టమా? ఎందుకు?" అని అడిగాడట. అంతే. నోట మాట రాలేదట. ముప్పై జవాబుల్లో ఆ ప్రశ్న లేదు.

ఆయన కట్టెతో తట్టాడన్న మాట!

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రాత్రిపూట ఎన్టీపీసీ వైపు ఆకాశం వెలుగుతూ ఉంటుంది. వేల మెగావాట్ల కరెంటు తయారయ్యే చోటు అది. రహదారి మీద లారీల మోత తెల్లవార్లూ ఆగదు. ఆ వెలుగునూ ఆ మోతనూ చూస్తూ, వింటూ నా సంగతి ఆలోచించుకున్నాను. పిల్లకు చార్మినారు వ్యాసం రాయించిన కోచింగు మాస్టరు మీద నాకు కోపం రావాలి. రాలేదు. ఎందుకంటే, ఇరవై ఏళ్ళుగా నేను చేస్తున్న పని కూడా అదే. మా పిల్లల జవాబు పత్రాల్లో "నాకు నచ్చిన కవి" అన్న వ్యాసం వందల కొద్దీ దిద్దాను. వందమందికీ ఒకే కవి నచ్చుతాడు, ఒకే కారణాలతో, ఒకే మాటల్లో. గైడులోంచి ఎత్తి రాసినదని తెలిసీ మార్కులు వేశాను. నేనెన్నడూ తట్టి చూడలేదు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. వయసులో ఉన్నప్పుడు నేనొక ఇంటర్వ్యూకు పోయాను. "మీ గురించి ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు చెప్పండి" అన్నారు. బట్టీ పట్టిన మూడు వాక్యాలు చెప్పాను. నాలుగవది రాలేదు. బయటికి వచ్చి, మనకు తెలుగు చాలు, ఇంగ్లీషెందుకని పౌరుషంగా అనుకున్నాను. అది భాషాభిమానమని ఇన్నాళ్ళూ నన్ను నేను నమ్మించుకున్నాను. నిజానికది భయం.

మరునాడు పొద్దున్నే పిల్లను వెంటబెట్టుకుని నడకకు బయలుదేరాను. "మామయ్యా, పుస్తకం తీసుకోనా?" అన్నది. వద్దన్నాను. బసంత్‌నగర్‌లో విమానాలు దిగే నేల ఒకటున్నది. 1980లలో వాయుదూత్ వారి చిన్న విమానాలు ఇక్కడికి వచ్చిపోయేవి. తరువాత అవి ఆగిపోయాయి. మళ్ళీ విమానాలొస్తాయన్న కబురు ఈ ప్రాంతంవాళ్ళు ఎన్నిసార్లు విన్నారో లెక్కలేదు. ఆ వైపుగా నడుస్తూ, "ఈ ఊరి గురించి నాకు చెప్పు. ఇంగ్లీషు మాట మరిచిపో. తెలుగులో చెప్పు" అన్నాను.

మొదట ఏమున్నది చెప్పడానికన్నది. దుమ్మున్నది, లారీలున్నయన్నది. నేను పట్టు వదల్లేదు. "ఏ లారీలు? ఏ వేళ?" అన్నాను. అట్లా అడుగుతూ పోతే, నెమ్మదిగా ఒక సంగతి బయటికి వచ్చింది.

పిల్లకప్పుడు ఏడేళ్ళు. తండ్రికి రెండో షిఫ్టు. అర్ధరాత్రి లోపల ఇల్లు చేరాలి. అక్క అన్నం మీద పళ్ళెం మూసి, తాను తినకుండా, గడప దగ్గర కూర్చునేది. పిల్ల కూడా పడుకోకుండా చెవులు రిక్కించేది. రహదారి మీద వందల బండ్ల మోతలో నాన్న మోటారుసైకిలు చప్పుడేదో తనకు తెలిసేదట. ఒకనాడు పన్నెండయింది, ఒంటిగంటయింది, ఆ చప్పుడు రాలేదు. అప్పుడు చేతిలో ఫోను లేదు. రెండు గంటలకు వచ్చాడు. జట్టులో ఒకాయనకు బండ పడి కాలు విరిగిందట. ఆసుపత్రిలో దించి వచ్చాడు. ఏమీ మాట్లాడకుండా నల్లా దగ్గర చేతులు కడుక్కుంటూ చాలాసేపు నిలబడ్డాడట. "ఆయన చేతులు ఎప్పుడో తెల్లగయినయ్ మామయ్యా. ఇంకా కడుగుతనే ఉన్నడు" అన్నది.

కొంచెం దూరం మాటలు లేకుండా నడిచాము.

"అందుకేనా మైనింగు తీసుకున్నవ్?" అన్నాను.

"అవును. ఇప్పుడు రూఫుల పరికరాలు పెడుతరు. బండ ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగింది, సపోర్టు మీద ఎంత బరువు పడుతున్నది, అన్నీ చూపెడుతయి. నాన్న కట్టెతోని తట్టి చెప్పేది, అవి ముందుగనే చెప్పాలె. నేను చదువుదామనుకుంటున్నది అదే."

"ఆ కోర్సు ఎందుకు ఎన్నుకున్నారని పరీక్షలోనో, దరఖాస్తులోనో అడిగితే ఏం చెప్తున్నవ్?"

పిల్ల సిగ్గుపడి, కోచింగువాళ్ళు రాయించిన వాక్యం చెప్పింది. ప్రపంచస్థాయి సౌకర్యాలు, అంతర్జాతీయ అనుభవం అని ఏదో ఉన్నదందులో.

"ఇప్పుడు చెప్పినవే, అది చెప్పు" అన్నాను.

"అన్నీ చిన్న చిన్న మాటలే గద మామయ్యా? చెయ్యి, అన్నం, బండి, తలుపు. పెద్ద మాటలుంటెనే బ్యాండు వస్తదంటరు."

"చిన్న మాటలతో మొదలుపెట్టు. అవసరమైన చోట పెద్దమాట అదే వచ్చి కూర్చుంటుంది" అన్నాను. నిజం చెప్పవలెనంటే, ఆ మాట అంటున్నప్పుడు నాకంత ధైర్యం లేదు. పదిహేడు వేల ఫీజు, మా అక్క మొహం, రెండూ కళ్ళ ముందున్నాయి.

ఆ తరువాత మా చదువు దారిలో పడింది. ముందు తెలుగులో చెప్పడం. అదే సంగతి వెంటనే ఇంగ్లీషులో చెప్పడం. ఇక్కడ తెలుగు పంతులు పనికి వచ్చాడండీ! మనవాళ్ళు ఇంగ్లీషులో ఎక్కడ తడబడతారో చూస్తే, అక్కడల్లా తెలుగు వ్యాకరణం కనబడుతుంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. "నాన్న రాత్రి రెండింటికి ఇంటికి" అని అంతా చెప్పి, తాపీగా "వచ్చాడు" అంటాము. వాళ్ళ వాక్యంలో కర్త వెంటనే క్రియ రావాలి. అందుకని మనవాళ్ళు మొదట్లోనే ఆగి, క్రియ కోసం వెదుక్కుంటారు. అలాగే వాళ్ళ నామవాచకాల ముందుండే "ఏ", "ది" అన్న రెండు చిన్నమాటలకు మన భాషలో సాటి లేదు. లేనిది మరిచిపోవడం సహజం. ఇట్లా విడమరచి చెప్తే, "ఇది నా తెలివితక్కువ కాదన్న మాట!" అన్నది పిల్ల. కాదు తల్లీ, రెండు భాషల ఇళ్ళకు గుమ్మాలు వేరువేరు దిక్కుల్లో ఉన్నాయి, అంతే.

అయితే నిజం చెప్పినంత మాత్రాన పరీక్ష గట్టెక్కుతుందని ఎవరూ అనుకోకూడదు. పిల్ల నాకా సంగతి గట్టిగానే చెప్పింది. రాసే భాగంలో మొదటి ప్రశ్నకు ఒక పటమో, పట్టికో ఇచ్చి వర్ణించమంటారు. దానికి పద్ధతి ఉన్నది. ఏది పెరిగింది, ఏది తగ్గింది, ఎంత తేడా అన్నవి నేర్చుకు తీరాలి. దానికీ బసంత్‌నగర్ దాటి పోనక్కరలేకపోయింది. సింగరేణి బొగ్గు 2013-14లో ఐదుకోట్ల టన్నుల పైచిలుకు. 2023-24లో ఏడుకోట్ల టన్నులు. అదే కాలంలో కార్మికులు అరవై వేల పైచిలుకు నుండి నలభై వేల చిల్లరకు దిగారు. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్టులు, తట్టల స్థానంలో భారీ యంత్రాలు రావడం దానికి ముఖ్య కారణం. పిల్ల రెండు గీతలు గీసింది. ఒకటి పైకి, ఒకటి కిందికి. 150 మాటల్లో రాసింది. బావ ఆ కాగితం తీసుకుని, అక్షరాలు వదిలేసి గీతలు మాత్రం చూసి, కింది గీత మీద వేలు పెట్టి, "గిది మేము" అన్నాడు.

ఆ వేలు చూసిన తరువాత, పిల్ల ఎందుకు పోతున్నదని నేను మళ్ళీ ఎవరినీ అడగలేదు.

నాలుగో రాత్రి భోజనాలయ్యాక అక్క వంటింట్లో గిన్నెలు కడుగుతూ ఒక మాటన్నది. "తమ్మీ, దానికి మార్కులు రావాలెనని దేవునికి మొక్కుతున్న. రావద్దని గూడ మొక్కుతున్న. ఏ మొక్కు చెల్లుతదో తెల్వది." కాసేపాగి, "ముప్పై ఏండ్లు బండి చప్పుడుకు చెవులు పెట్టిన. ఇంక ఫోను చప్పుడుకు పెట్టాలె" అన్నది. ఆస్ట్రేలియా వీసాకు ఏడాది ఖర్చులకని చూపవలసిన మొత్తాన్ని 2024లో 29,710 డాలర్లకు పెంచారు. ఆ లెక్క మా బావ కాగితం మీద రాసుకుని పెట్టుకున్నాడు. అక్క పెట్టుబడి ఏ కాగితం మీదా లేదు.

సెలవులై నేను తిరిగి వచ్చేశాను. ఆ తరువాత మూడు వారాలు రోజూ రాత్రి ఫోనులో పావుగంట మాట్లాడుకునేవాళ్ళము. పిల్ల ఇంగ్లీషులో ఒక సంగతి చెప్పేది. నేను ఊహించని ప్రశ్న ఒకటి వేసేవాణ్ణి. నా ఇంగ్లీషు ప్రశ్నలోనే తప్పులుంటే అది దిద్దేది. తట్టే కట్టె వంకరైనా చప్పుడు తెలుస్తుంది గదా!

పరీక్ష హైదరాబాదులో జరిగింది. ఈసారి చీటీ మీద "మీరు ఎవరి కోసమైనా చాలాసేపు ఎదురుచూసిన సందర్భం" అని ఉన్నదట. మా అక్క గడప, మూతపెట్టిన అన్నం, మోటారుసైకిలు చప్పుడు, అన్నీ చెప్పిందట. పరీక్షాధికారి మళ్ళీ కట్టె తీసి తట్టాడు: "ఈ కాలంలో మనుషులకు ఎదురుచూసే ఓపిక తగ్గిందంటారా?" పిల్ల ఒక క్షణం ఆలోచించి, "మా ఊళ్ళో ఓపిక కోసం కాదండీ, వేరే దారి లేక ఎదురుచూస్తాము" అన్నదట, ఇంగ్లీషులోనే. రెండు తప్పులు కూడా చేసిందట. చేస్తే చేసింది!

వారం తిరగకముందే ఫలితం వచ్చింది. మాట్లాడడంలో 6.5. రాయడంలో మాత్రం మళ్ళీ 6 దగ్గరే ఆగింది. మొత్తం 6.5. ఏ భాగంలోనూ 6 తగ్గలేదు. ఫోనులో మొదట పిల్ల ఏడ్చింది, తరువాత అక్క ఏడ్చింది. ఇద్దరి ఏడుపులూ ఒకటి కావని నాకు తెలుసు. చివరికి బావ ఫోను తీసుకుని, "ఖంగుమన్నది బామ్మర్దీ" అన్నాడు. ఇంకా వీసా ఉన్నది, బ్యాంకు అప్పు ఉన్నది. ఆ మెట్లు వేరే. కాని ఈ అరమెట్టు ఎక్కింది.

ఆ మరుసటి సోమవారం నేను తరగతికి పోయి, గైడులన్నీ మూసి బల్ల కింద పెట్టమన్నాను. "మీ ఊరి గురించి ఒక పేజీ రాయండి. మీరు చూసినది, విన్నది మాత్రమే రాయండి" అన్నాను. తరగతిలో కలకలం పుట్టింది. వెనక బెంచీలో నుండి ఒక కుర్రవాడు లేచి, "సార్, ఇది పరీక్షల వస్తదా?" అని అడిగాడు.

రాదు నాయనా అని చెప్పడానికి నోరు తెరిచాను. మా మేనకోడలికి వచ్చిన చీటీ గుర్తుకు వచ్చింది.

"వస్తది. కూర్చుని రాయి" అన్నాను.